బిర్గు 1565: స్కూల్ ఎగ్జిబిషన్‌కి ముట్టడి మోడల్ ఇట్లా చేయించండి

తిరుపతి స్కూల్ ఎగ్జిబిషన్లలో ఏటా అగ్నిపర్వతం, లేకపోతే చంద్రగిరి కోట. ఈసారి మీ పిల్లోడు సోషల్‌కి కొత్తగా ఏదైనా అడిగితే మధ్యధరా సముద్రంలో మాల్టా దీవిలోని బిర్గు చేయించండి, 1565లో ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ పంపిన పెద్ద నౌకాదళానికి మే నుంచి సెప్టెంబర్ దాకా లొంగని చిన్న రేవు ఊరు అది.

ముందు నీళ్లు గీయండి, గోడలు తర్వాత. అందరూ కోట కట్టేసి మిగిలిన చోటంతా నీలం పూసేస్తారు, ఇక్కడ అట్లా చేస్తే అసలు విషయమే పోతుంది. ప్లైవుడ్ మీద రెండు వేళ్లు చాపినట్టు పక్కపక్కనే బిర్గు, దాని పక్క ఊరు సెంగ్లియా, మధ్యలో సన్న పాయ. బిర్గు కొసన సెయింట్ ఏంజెలో కోట, రేవు ముఖంలో అవతలొడ్డున సెయింట్ ఎల్మో. ఎల్మో జూన్ 23న పడిపోయింది, కానీ ఆ చిన్న కోటకే దాదాపు నెల పట్టింది ఒట్టోమన్లకి.

ఇప్పుడు గొలుసు. ఓడలు లోపలికి రాకుండా ఏంజెలో నుంచి సెంగ్లియా కొస దాకా పాయకి అడ్డంగా ఇనుప గొలుసు కట్టారు. గాంధీ రోడ్డు వైపు గిల్టు నగల షాపుల్లో తెగిన గొలుసు ముక్క అడిగి చూడండి, దారం మాత్రం వద్దు, కనపడి చావదు.

సెంగ్లియాకి బిర్గు లేని వైపు ఒడ్డున నీళ్లలో గుంజలు పాతారు, తలలు తుంచేసిన అగ్గిపుల్లలు వరసగా గుచ్చేయండి. వాటిని నరకడానికి ఒట్టోమన్లు గొడ్డళ్లిచ్చి ఈతగాళ్లని పంపితే మాల్టా వాళ్లు కత్తులతో దూకి నీళ్లలోనే కొట్లాడారంట, అందుకని రెండు మూడు బొమ్మలు నడుం దాకానే కనపడేట్టు అతికించండి, చూసేవాళ్లు ఆగేది ఇక్కడే.

ఏంజెలో అడుగున, నీళ్లకి ఆనుకుని, రీఫిల్ ముక్కలతో ఫిరంగులు పెట్టాలి. జూలై 15న పడవల్లో సెంగ్లియా కొస మీదికి వచ్చిన ఒట్టోమన్ సైనికులకి అక్కడ ఫిరంగులున్నట్టే తెలీదు, పడవలు చాలావరకు మునిగిపోయాయి.

గోడలు, ఇళ్లు థర్మాకోల్‌తో చాలు. స్ప్రే పెయింట్ కొట్టారంటే కరిగిపోతుంది, పోస్టర్ కలరే వాడండి.

బిర్గుని కాపాడిన వాళ్ల నాయకుడు జాన్ డి వాలెట్, చివర్లో సాయం వచ్చింది సిసిలీ నుంచి, ఈ రెండూ పిల్లోడికి నోటికి రావాలి. ఇప్పటి మాల్టా రాజధాని వాలెట్టా ఎక్కడ అని ఎవరైనా అడిగితే ఎల్మో వెనక ఖాళీ కొండ చూపించమనండి, ఆ ఊరికి పునాది వేసింది 1566లో, కాబట్టి చోటు మిగిలింది కదా అని అక్కడ ఇళ్లు అతికించొద్దు.