పడవలో గన్ ఉందా? ముందు తూటాలు లెక్కపెట్టండి

హనుమకొండ నుంచి ఫ్లోరిడా పోయి సెటిలైన మా బావమరిది, దోస్తులతో కలిసి సొంత తెరచాప పడవలో బహామాస్ పోతానని మొన్న ఫోన్ చేశాడు. పడవలో గన్ కూడా ఉందట. అమెరికాలో కొన్న కాగితాలున్నాయి కదా అన్నాడు. ఆ కాగితాలతో అవతలి దేశానికి పనిలేదు.

బహామాస్ చేరగానే కస్టమ్స్ వాళ్లకు గన్ వివరాలు, సీరియల్ నంబరు, తూటాల లెక్క ఇవ్వాలి. ఆ తర్వాత గన్ పడవలోనే తాళం వేసి ఉండాలి, ఒడ్డుకు తేకూడదు. 50 అని రాస్తే 50 ఉండాలి. 51 ఉన్నా టెన్షనే. అందుకే బయలుదేరే ముందు రోజు తూటాలన్నీ తువ్వాల మీద పోసి పదేసి కుప్పలుగా పెట్టమన్నా. జాకెట్ జేబులు, గాలాల డబ్బా అడుగు కూడా తడమాలి. ఒంటి తూటా దాక్కునేది అక్కడే. మన శంషాబాద్‌లోనైనా బ్యాగులో ఒక్కటి దొరికితే కేసు దాకా పోతుంది.

మెక్సికో వైపైతే ముందస్తు పర్మిట్ లేకుండా అసలే వద్దు. నన్నడిగితే గన్ ఇంట్లోనే పెట్టి పొమ్మంటా, వాడు వినడు. ఇంకోటి, ఆపదలో వెలుగు కోసం పేల్చే ఫ్లేర్ గన్‌ను కూడా బెర్ముడాలో ఆయుధంగానే చూస్తారు. దాన్నీ చెప్పాల్సిందే.