క్యాలిపర్లకు ఇంట్లోనే పెయింట్, తిరుమల ఘాట్ దిగినా ఊడకుండా

మొదటిసారి నేను చేసిన పని చెబితే నవ్వుతారు. ఇంటి గేటుకు వేయగా మిగిలిన ఎర్ర ఎనామిల్ డబ్బా కనబడితే, అదే తీసుకుని కారు ముందు చక్రాల క్యాలిపర్లకు, అంటే బ్రేకు తొక్కితే చక్రంతో తిరిగే డిస్క్‌ను రెండు పక్కలా ప్యాడ్స్‌తో నొక్కిపట్టే ఇనుప భాగాలకు, పూసేశాను. వారం రోజులు తిరుపతి వీధుల్లో బాగానే మెరిసింది. తర్వాత కొండకు వెళ్లి, దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో రాకుండా బ్రేకు మీదే కాలు పెట్టుకుని వచ్చాను, దారిలోనే ఏదో మాడుతున్న వాసన. అలిపిరిలో ఆపి చూస్తే ఆ ఎరుపంతా పచ్చడికి కాల్చిన వంకాయ తొక్కలా పొక్కులు లేచి ఉంది. 1944లో తెరిచిన ఆ పాత ఘాట్ రోడ్డునే ఇప్పుడు దిగడానికి వాడుతున్నాం, మలుపు తర్వాత మలుపు, మామూలు పెయింట్ నాటకమంతా అక్కడ బయటపడుతుంది.

కాబట్టి డబ్బా మీద బ్రేక్ క్యాలిపర్ పెయింట్ అని రాసి ఉందో లేదో చూసి కొనండి, కనీసం 250 డిగ్రీల వేడికి ఆగేది కావాలి. షాపులో సైలెన్సర్ పెయింట్ ఉంది, అదీ వేడికి ఆగుతుంది కదా అంటారు. వద్దు. అందులో చాలా రకాలు బాగా వేడెక్కించి కాల్చితే కానీ గట్టిపడవు, పైగా బ్రేక్ ఆయిల్ చుక్క పడితే లేచిపోవచ్చు. స్ప్రే కంటే అర అంగుళం బ్రష్‌తో వేసే రకమే ఇంట్లో చేసుకునేవాళ్లకు మేలు అని నా అభిప్రాయం. స్ప్రే అయితే దాని తుంపర టైరు మీద, పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల మీద కూడా పడుతుంది, ఆ తర్వాత సంగతి మీకే తెలుసు.

మన ఊళ్లో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ బ్రేకులే, అంటే పెయింట్ చేయాల్సిన క్యాలిపర్లు ముందు రెండే. ఒక ఆదివారం సరిపోతుంది. ఎండాకాలంలో తెల్లవారగానే మొదలుపెట్టండి, మధ్యాహ్నం వేడికి పెయింట్ సరిగా పరుచుకోకముందే ఆరిపోయి గరుకుగా తేలుతుంది. వానాకాలం ముసురులో అసలు పెట్టుకోకండి.

బండిని చదునైన చోట ఆపి, గేర్‌లో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి. వీల్ నట్లు చక్రం నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసుకుని, తర్వాత జాకీ ఎత్తాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, తెలిసిన మెకానిక్ దగ్గర బండి కింద ఆనించే ఇనుప స్టాండ్ అడిగి తెచ్చుకోండి. ఇటుకలు పేర్చి దాని మీద బండి నిలబెట్టడం మాత్రం చేయొద్దు, బరువుకు ఇటుక ఒక్కసారిగా పగిలిపోతుంది. చక్రం తీశాక స్టీరింగ్ అటో ఇటో తిప్పి క్యాలిపర్ మీ వైపుకు తెచ్చుకుంటే నడుము నొప్పి తగ్గుతుంది. క్యాలిపర్‌ను విప్పకండి, బ్రేక్ పైపు జోలికి అసలు పోకండి. ఎక్కడైనా ఆయిల్ తడి కనబడితే పెయింట్ పని ఆపేసి మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

ఇక అసలు పని. పెయింట్ వేయడం ఇరవై నిమిషాలు, శుభ్రం చేయడం ఒక్కో వైపు గంట. ముక్కుకు మాస్క్ కట్టుకుని, కింద గోనెసంచి పరిచి వైర్ బ్రష్‌తో గట్టిగా రుద్దండి. మొదట నల్లటి బ్రేక్ పొడి, దాని కింద నుంచి ఎర్రమట్టి లాంటి తుప్పు రాలుతుంది. క్యాలిపర్ మీద పోత పోసిన అంకెల సందుల్లో పాత టూత్ బ్రష్ ఒక్కటే దూరుతుంది. గాలి కొట్టి ఊదొద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత ఎమెరీ పేపర్‌తో రుద్ది, బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడవండి. ఆ గుడ్డ నల్లగా కాకుండా వచ్చేదాకా తుడవాలి. కిరసనాయిలు, పెట్రోలు వాడొద్దు, జిడ్డు మిగలడమే కాదు, బ్రేకుల్లోని రబ్బరు ఉబ్బిపోతుంది.

డిస్క్‌ను, ప్యాడ్స్‌ను పాత పేపరు, మాస్కింగ్ టేప్‌తో మూసేయండి. రబ్బరు తొడుగులు, బ్రేక్ పైపు, బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలి బయటకు తీసే నిపుల్, క్యాలిపర్ జరిగే పిన్నులు, వీటి మీద చుక్క కూడా పడకూడదు. చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది: చక్రం ఆనే హబ్ ముఖం. అక్కడ పెయింట్ పడితే కొన్నాళ్లకు ఆ పొర నలిగి నట్లు వదులవుతాయి.

పల్చగా మొదటి కోటు వేసినప్పుడు కింది ఇనుము కనబడుతూనే ఉంటుంది, కంగారు పడి మందంగా పూయకండి, జారి కన్నీటి చారలు కడుతుంది. డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి రెండోది, కావాలంటే మూడోది. టేపును పెయింట్ పూర్తిగా గట్టిపడకముందే పీకండి, లేకపోతే అంచు కూడా లేచి వస్తుంది.

ఆ రోజు బండి తీయకుండా మర్నాటి వరకు ఆగడం మంచిది. డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, చక్రం బిగించి, జాకీ దించాక నట్లను ఎదురెదురుగా, మాన్యువల్‌లో చెప్పినంత గట్టిగా బిగించండి. కదిలే ముందు పెడల్ రెండు మూడు సార్లు తొక్కి గట్టిగా ఉందో లేదో చూడండి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా బ్రేక్ పట్టించి చూడండి. ఓ యాభై వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి బిగించాలి.

ఎరుపు వేసినంత మాత్రాన బ్రేకులు గట్టిగా పడవు సామీ, అది చూపుకే. కొండ దిగేటప్పుడు సెకండ్ గేర్‌లోనే రండి. దిగిన వెంటనే చక్రాల మీద చల్లటి నీళ్లు కొట్టకండి, పెయింట్ సంగతి అలా ఉంచి డిస్కే వంకర పోవచ్చు. ఓ అరగంట బండిని నీడలో నిలిపి టీ తాగండి, ఆ తర్వాత కడుక్కోవచ్చు.