గిట్ క్లోన్ యూఆర్‌ఎల్‌లో పాస్‌వర్డ్: సమస్యలు, పరిష్కారాలు

"కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్" అంటోంది, హోస్ట్ పేరు ముందు పాస్‌వర్డ్ ముక్క కనిపిస్తోంది

గిట్ క్లోన్ అంటే సర్వర్‌లోని కోడ్ ఫోల్డర్‌ను (రెపోను) మన కంప్యూటర్‌లోకి తెచ్చుకునే కమాండ్. కొందరు దాని యూఆర్‌ఎల్‌లోనే "యూజర్‌నేమ్:పాస్‌వర్డ్@హోస్ట్" అని రాసేస్తారు; హోస్ట్ అంటే సర్వర్ పేరు. ఇక్కడ పాస్‌వర్డ్‌లో @ ఉంది. గిట్ మొదటి @ దగ్గరే పాస్‌వర్డ్ అయిపోయిందనుకుని, మిగిలిన ముక్కను హోస్ట్ పేరులో కలిపేసింది. # ఉంటే యూఆర్‌ఎల్ అక్కడికే తెగిపోయి, పోర్ట్ నంబర్ తప్పంటుంది. @ బదులు %40, # బదులు %23, % బదులు %25 రాస్తే క్లోన్ అవుతుంది. కానీ అంతటితో వదిలేయకండి. అసలు చిక్కు మూడో సమస్యలో ఉంది.

బ్రౌజర్‌లో లాగిన్ అవుతోంది, గిట్ మాత్రం ఒప్పుకోవడం లేదు

రెపోలు దాచుకునే సైట్ గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు అకౌంట్ పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు. పాస్‌వర్డ్ అడిగిన చోట పర్సనల్ యాక్సెస్ టోకెన్ (గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో తయారు చేసుకునే, పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య కోడ్) ఇవ్వాలి. టోకెన్ ఇచ్చాక "రిపాజిటరీ నాట్ ఫౌండ్" వస్తే, స్పెల్లింగ్ ఒకసారి చూసుకుని నేరుగా టోకెన్ పర్మిషన్లకు వెళ్లండి. అనుమతి లేనివాళ్లకు ప్రైవేట్ రెపో ఉందన్న సంగతే గిట్‌హబ్ చెప్పదు.

"గిట్ రిమోట్ -వి" కొడితే టోకెన్ మొత్తం కనిపిస్తోంది

టోకెన్‌ను యూఆర్‌ఎల్‌లో రాసి క్లోన్ చేస్తే, ఆ యూఆర్‌ఎల్ ఉన్నదున్నట్టు .గిట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్లోకి వెళ్తుంది. షెల్ హిస్టరీలోనూ (టెర్మినల్‌లో కొట్టిన కమాండ్ల జాబితాలో) మిగులుతుంది. ఆ ఫోల్డర్‌ను జిప్ చేసి ఎవరికైనా పంపితే టోకెన్ కూడా పంపినట్టే.

ముందు టోకెన్ రద్దు చేయండి, తుడవడం తర్వాత. ఆపైన "గిట్ రిమోట్ సెట్-యూఆర్‌ఎల్ ఆరిజిన్" కమాండ్‌తో టోకెన్ లేని యూఆర్‌ఎల్ పెట్టండి. కొత్త టోకెన్‌ను క్రెడెన్షియల్ హెల్పర్‌కు (లాగిన్ వివరాలు దాచి, గిట్ అడిగినప్పుడు ఇచ్చే ప్రోగ్రామ్‌కు) అప్పగించండి: విండోస్‌లో "మేనేజర్", మ్యాక్‌లో "ఓఎస్ఎక్స్‌కీచెయిన్", లినక్స్‌లో "లిబ్‌సీక్రెట్". "క్యాష్" పెట్టుకుంటే 900 సెకన్లకు మర్చిపోతుంది, టైమవుట్ పెంచుకోవచ్చు. "స్టోర్" జోలికి పోకండి. అది హోమ్ డైరెక్టరీలో టోకెన్‌ను మామూలు అక్షరాల్లోనే రాసిపెడుతుంది.

మళ్లీ ఎవరూ ఇలా చేయకుండా గిట్ 2.37 నుంచి "ట్రాన్స్‌ఫర్.క్రెడెన్షియల్స్‌ఇన్‌యూఆర్‌ఎల్" సెట్టింగ్ ఉంది. దాన్ని "డై" చేస్తే పాస్‌వర్డ్ ఉన్న యూఆర్‌ఎల్‌తో పని ఆగిపోతుంది. అయితే టోకెన్‌నే యూజర్‌నేమ్ స్థానంలో పెడితే మాత్రం పట్టుకోదు.

రెండు అకౌంట్లున్నాయి, వేరే పేరుతో 403 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తోంది

హెల్పర్ పాత అకౌంట్‌నే ఇస్తోంది. యూఆర్‌ఎల్‌లో హోస్ట్ ముందు సరైన యూజర్‌నేమ్, దాని తర్వాత @ మాత్రమే రాయండి. పేరు ఒక్కటే ఉంటే ప్రమాదం లేదు, ఏ టోకెన్ తీయాలో హెల్పర్‌కు తెలుస్తుంది.