కడప నుంచి పులికాట్ పక్షుల కోసం బయల్దేరే ముందు

అక్టోబరు, నవంబరుల్లో వెళ్తున్నారా? ముందు వాతావరణం చూసుకోండి, మనకు కడపలో ఎండ కాస్తున్నా ఈశాన్య రుతుపవనాల కాలంలో పులికాట్ సరస్సు పక్కనున్న సూళ్లూరుపేట వైపు వాయుగుండం పడితే రోజంతా వానే. ముందురోజు రాత్రికే అక్కడికి చేరండి, పక్షులు తెల్లారుజామునే బాగా కనబడతాయి.

బైనాక్యులర్స్, నీళ్లు, టోపీ, గొడుగు. బట్టలు మట్టిరంగువైతే మేలు, ఎరుపు, తెలుపు వద్దు.

దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలో ఉన్న చెట్ల మీద గూళ్లు కడతాయి, ఫొటో కోసం మరీ దగ్గరికి పోతే తల్లి లేచిపోయి గుడ్లు కాకుల పాలవుతాయి, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. రాజహంసలు (ఫ్లెమింగోలు) దూరంగా ఉన్నాయని పులికాట్ బురదలోకి దిగొద్దు, పైకి గట్టిగా కనిపించినా కాలు కూరుకుపోతుంది. శ్రీహరికోట రోడ్డు మీద డ్రోన్ అసలే వద్దు.