మన మందుల మార్కెట్ ఎటు పోతోందో అంకెల్లో చదవడం ఎలా?

నెలకోసారి పేపర్లో ఒక చిన్న వార్త వస్తుంది: దేశంలో మందుల మార్కెట్ కిందటి ఏడాది ఇదే నెలతో పోలిస్తే ఇంత శాతం పెరిగిందని. ఆ ఒక్క అంకె పట్టుకుని ఒకాయన జనానికి రోగాలు పెరిగిపోయాయంటాడు. ఇంకొకాయన కంపెనీలు దోచేస్తున్నాయంటాడు. మూడో ఆయన మారుమాట్లాడకుండా వెళ్లి ఫార్మా షేర్లు కొనేస్తాడు. ఆ పెరుగుదల దేనివల్ల వచ్చిందో ముగ్గురిలో ఎవరూ చూడరు. దాన్ని విడదీసి చూడటం బ్రహ్మవిద్యేమీ కాదు. అయినా కాలేజీ ప్రాజెక్టు రిపోర్టుల నుంచి కంపెనీ మీటింగుల్లో వేసే స్లైడ్ల దాకా అందరూ సరిగ్గా అక్కడే బోల్తా పడుతుంటే చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను.

కావలసినవి

ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. డేటా కోసం ఫార్మారాక్, ఐక్యూవియా లాంటి సంస్థల నెలవారీ లెక్కల సారాంశం పేపర్లలో వస్తుంది, లిస్టెడ్ కంపెనీలు మూడు నెలలకోసారి ఇచ్చే ప్రెజెంటేషన్లు ఉన్నాయి, ధరల ఉత్తర్వులు, మందుల ధరల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీపీఏ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. పూర్తి డేటా డబ్బు పెట్టి కొనాలి, మీకు అవసరం లేదు. లెక్క రూపాయల్లోనే, కోట్లలోనే వేయండి. డాలర్లలోకి మార్చారంటే మందుల కథలో మారకపు రేటు కథ కలిసిపోతుంది.

గుండ్రటి చక్రాన్ని ముక్కలుగా కోసి చూపించే పై (pie) చార్టులు వద్దు. ఇందులో చర్చ లేదు.

ముందు ఏ మార్కెట్టో తేల్చుకోండి

మన ఔషధ ఎగుమతులు 2024-25లో 30 బిలియన్ డాలర్లు దాటాయి. అది మన మార్కెట్ కాదు, మనం అమ్ముకునే పరాయి మార్కెట్లు. హైదరాబాద్ కంపెనీ లాభం తగ్గిందంటే కారణం అమెరికాలో జెనరిక్‌ల (పేటెంటు అయిపోయాక ఇతర కంపెనీలు చేసే అదే మందుల) ధరలు పడిపోవడం కావచ్చు, దానికీ మీ వీధి చివరి మెడికల్ షాపుకూ సంబంధం ఉండకపోవచ్చు. ఈ రెండింటినీ కలిపేసిన రిపోర్టు చేతికొస్తే అక్కడితో మూసేయండి.

ఇక దేశీయ మార్కెట్ అంటూ ప్రతి నెలా వచ్చేది ప్రధానంగా స్టాకిస్టు (మందుల టోకు వ్యాపారి) దగ్గర్నుంచి మెడికల్ షాపుకు పోయిన సరుకు లెక్క. ప్రభుత్వాసుపత్రులకు టెండర్ల మీద కొనే మందులు అందులో సరిగా కనబడవు. జన ఔషధి కేంద్రాలూ అంతే. 2025 నాటికి ఆ కేంద్రాలు 15,000 దాటాయి, 2024-25లో వాటి అమ్మకాలు 2,000 కోట్ల పైచిలుకు. అక్కడి ధరలు బ్రాండ్ల ధరల్లో సగం, చాలా వాటికి అంతకంటే బాగా తక్కువ. అంటే అవే మాత్రలు బ్రాండ్ పేరుతో అమ్ముడై ఉంటే ఆ మొత్తం ఎన్నో రెట్లు ఉండేది. జనం అటు మళ్లితే నెలవారీ లెక్కలో అమ్మకాలు తగ్గినట్టు కనిపిస్తుంది. మందులు మానేశారని రాసేయకండి.

నెల అంకెను నమ్మకండి

2021 ఏప్రిల్‌లో మార్కెట్ ఏడాదికి ఏడాది 50 శాతానికి పైగా పెరిగింది. ఒకవైపు కోవిడ్ రెండో వేవ్ మందులు, ఇంకోవైపు పోల్చిన 2020 ఏప్రిల్ లాక్‌డౌన్ నెల. ఆ అంకెతో ఏ ధోరణీ తేలదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చేముందు స్టాకిస్టులూ షాపులూ పాత సరుకు వదిలించుకునే పనిలో కొత్త ఆర్డర్లు తగ్గించారు, అప్పుడూ రోగులు ఎక్కడికీ పోలేదు. వానలు పడితే యాంటీబయాటిక్స్, దగ్గు మందులు లేస్తాయి. మార్చి ఎండింగ్‌లో టార్గెట్ టెన్షన్‌తో స్టాకిస్టు మీదకు, అక్కడి నుంచి షాపు మీదకు సరుకు తోసేయడం సంగతి మెడికల్ రెప్పులకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి ఎప్పుడూ పన్నెండు నెలల మొత్తమే చూడండి, దాన్ని అంతకుముందు పన్నెండు నెలలతోనే పోల్చండి. కంపెనీ వాళ్లు దీన్నే ఎంఏటీ అంటారు.

అసలు చిక్కు: పెరుగుదలను విడదీయడం

ఇక్కడ తొందరపడకండి. ఇప్పటిదాకా చెప్పినవన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు గానీ, ఇది తప్పితే మిగతా అంతా తప్పుతుంది.

అమ్మకాల విలువ పెరగడానికి రిపోర్టుల్లో మూడు కారణాలు చూపిస్తారు. ఎక్కువ మందులు అమ్ముడవడం, ధర పెరగడం, కొత్త ఉత్పత్తులు రావడం. మొత్తం పెరుగుదల 8 శాతమైతే అందులో పరిమాణం వాటా ఇంత, ధర వాటా ఇంత, కొత్తవి ఇంత అని పంచుతారు. వినడానికి సులువే. కానీ పరిమాణం దేనితో కొలిచారన్నది ఎవరూ అడగరు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం, అంకెలు ఊహించినవే. ఒక కంపెనీ కిందటేడు పది మాత్రల స్ట్రిప్పులు లక్ష అమ్మింది, స్ట్రిప్పు 100 రూపాయలు, మొత్తం కోటి. ఈ ఏడు ప్యాకింగ్ మార్చి పదిహేను మాత్రల స్ట్రిప్పు తెచ్చింది, ధర 150. అవి 80 వేలు అమ్ముడయ్యాయి, మొత్తం కోటీ 20 లక్షలు. పెరుగుదల 20 శాతం. స్ట్రిప్పుల్లో లెక్కేస్తే అమ్మకాలు 20 శాతం పడిపోయాయి, ధర 50 శాతం పెరిగింది. ఈ లెక్క చూపిస్తే టీవీ చర్చ పెట్టేస్తారు. మాత్రల్లో లెక్కేయండి: కిందటేడు పది లక్షల మాత్రలు, ఈ ఏడు పన్నెండు లక్షలు. మాత్ర అప్పుడూ పది రూపాయలే, ఇప్పుడూ పది రూపాయలే. ధర పైసా పెరగలేదు, వాడకం 20 శాతం పెరిగింది. అదే కంపెనీ, అదే కోటీ 20 లక్షలు, కథ మాత్రం పూర్తిగా తలకిందులు.

బీపీ, షుగర్ మందుల్లో పది నుంచి పదిహేనుకు మారిన స్ట్రిప్పులు కోకొల్లలు. కాబట్టి ప్యాకుల్లో లెక్కించకండి. మాత్రల్లో లెక్కించండి, వీలైతే ఒక మనిషికి ఎన్ని రోజుల మందు అన్న లెక్కలోకి తెచ్చుకోండి. రోజుకో మాత్రనూ వారానికో ఇంజెక్షన్‌నూ పక్కపక్కన పెట్టాలంటే వేరే దారి లేదు. 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చిన మౌంజారో (షుగర్‌కూ బరువు తగ్గడానికీ వారానికోసారి తీసుకునే ఇంజెక్షన్) అదే ఏడాది అక్టోబర్‌కల్లా యాంటీబయాటిక్ ఆగ్‌మెంటిన్‌ను దాటి విలువలో మొదటి స్థానానికి చేరింది. వచ్చినప్పుడు దాని 2.5 మిల్లీగ్రాముల వయల్ (చిన్న మందు సీసా) ఒకటే 3,500 రూపాయలు మరి. దేశంలో అత్యధికంగా వాడే మందు అదే అని రాసినవాళ్లు కూడా ఉన్నారు. రూపాయల్లో మొదటిది అనాలి, మనుషుల్లో కాదు.

ఇక ధర. ఏటా ఏప్రిల్ ఒకటికి ముందు ‘మందుల ధరలు పెరుగుతున్నాయ్’ అని హెడ్డింగ్ వస్తుంది. అది అన్ని మందులకూ వర్తించేది కాదు. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికే టోకు ధరల సూచీతో ముడిపెట్టిన గరిష్ఠ ధర ఉంటుంది. 2022 జాబితాలో 384 మందులున్నాయి, మార్కెట్ విలువలో అవి చిన్న భాగమే. జాబితా బయటివాటికి ఏడాదికి 10 శాతం దాకా ఎమ్మార్పీ పెంచుకునే వీలుంది. సూచీతో వచ్చే సవరణ 2023 ఏప్రిల్‌లో 12.1218 శాతం, 2024 ఏప్రిల్‌లో 0.00551 శాతం. రెండోది వంద రూపాయల స్ట్రిప్పు మీద అర పైసా. అయినా ఆ ఏడాది కూడా 12 శాతం పెంచేశారని ప్రచారం జరిగి, అది అబద్ధమని కేంద్రం చెప్పుకోవాల్సి వచ్చింది. పైగా పెంచుకునే అవకాశం వేరు, నిజంగా పెంచడం వేరు. ఒకే మందుకు యాభై బ్రాండ్లు పోటీ పడుతుంటే, అనుమతి ఉన్నా పెంచని వాళ్లు బోలెడుమంది.

మీ చేతిలో ఉన్నది ఏ ధర అన్నది కూడా చూసుకోండి. ఎమ్మార్పీలో పన్ను కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా వంద రూపాయలున్న మందు 112 నుంచి 105కు దిగుతుంది, అంటే ఎమ్మార్పీలో 6 శాతానికి పైగా తగ్గుదల. కంపెనీకి వచ్చే రాబడిలో మార్పేమీ లేదు. ఎమ్మార్పీ లెక్కతో చూసినవాడు ధరలు పడిపోయాయంటాడు. షాపు కొనే ధర, అంటే పీటీఆర్, పన్ను లేకుండా పట్టుకోండి.

ఇప్పుడు పరిమాణం, ధర, కొత్తవి అన్న ఆ మూడు గడుల పక్కన, ఎవరి రిపోర్టులోనూ విడిగా కనబడని గడి ఒకటి కలపాలి. వంద మంది రోజూ రెండు రూపాయల మాత్ర వేసుకుంటున్నారనుకోండి, రోజుకు 200 రూపాయలు. వాళ్లలో ఇరవై మందికి డాక్టరు పన్నెండు రూపాయల మాత్ర రాశాడు. మిగతా ఎనభై మందివి 160, ఈ ఇరవై మందివి 240, మొత్తం 400. మార్కెట్ రెట్టింపైంది. మాత్ర ఒక్కటీ పెరగలేదు, ఏ మాత్ర ధరా పైసా పెరగలేదు. ఈ రెట్టింపును కొందరు ధర గడిలో వేస్తారు, కొందరు పరిమాణంలో, ఆ మందు కొత్తదైతే కొత్తవాటిలో. ఎక్కడ వేసినా తప్పే. దీనికి ‘మార్పిడి’ అని నాలుగో గడి పెట్టుకోండి. మూడు గడులు చాలు, ఇది అనవసరపు చాదస్తం అనేవాళ్లున్నారు. మన మార్కెట్‌లో ఖరీదైన షుగర్ మందుల వైపు జరుగుతున్న మళ్లింపు మొత్తం ఈ గడిలోనే ఉంది, అది లేకుండా వాళ్లు ఏం చదువుతారో నాకు అర్థం కాదు.

పేటెంటు పోయినప్పుడు ఇదంతా వెనక్కి తిరుగుతుంది. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు పేటెంటు 2025 మార్చిలో ముగిసింది. అంతకుముందు దాదాపు 60 రూపాయలున్న మాత్ర, జెనరిక్ కంపెనీలు దిగగానే పది రూపాయల లోపుకు కూడా వచ్చింది. ఇలాంటప్పుడు మాత్రలు ఎగబాకుతాయి, రూపాయలు కుంగిపోవచ్చు. రూపాయల గీత ఒక్కటే చూసేవాడికి అది పతనం. ఆ మందు ఇప్పటిదాకా కొనలేని వాళ్లంతా లోపలికొచ్చారన్నది మాత్రల గీతలోనే కనిపిస్తుంది. మన దేశంలో సెమాగ్లూటైడ్ (షుగర్‌కూ బరువు తగ్గడానికీ వాడే ఇంకో మందు) పేటెంటు గడువు 2026 మార్చి. దాని లెక్కలు చదివేటప్పుడు రెండు గీతలూ పక్కపక్కనే ఉంచుకోండి.

‘కొత్తవి’ గడి గురించి ఒక్క మాట. పాత మందుకే ఇంకో బలం (మిల్లీగ్రాముల మోతాదు), లేదా వేరే మందుతో కలిపిన ఇంకో కాంబినేషన్ చేర్చి కొత్త ఉత్పత్తిగా చూపించడం మామూలే. కొత్త అణువు, అంటే అసలు మందు పదార్థమే కొత్తదై, ఉంటేనే ఆ గడిలో ఉంచి, మిగతావి పాత మందు పద్దులోకి తోసేయండి.

కారణం పేరు రాయండి

ఇక మిగిలింది తేలిక. ప్రతి గడి పక్కన కారణం రాయండి, అది తేదీ చెప్పగలిగే కారణమై ఉండాలి: ఫలానా పేటెంటు, ఫలానా ధర ఉత్తర్వు, 2024 ఆగస్టులో 156 కాంబినేషన్ల మీద వచ్చిన నిషేధం లాంటిది. ‘మారుతున్న జీవనశైలి’ అని రాస్తే ఆ గడి ఖాళీగా ఉన్నట్టే లెక్క. 2030 నాటికి ఇన్ని బిలియన్లు అనే అంచనాల జోలికి పోకండి. కిందటి ఐదేళ్ల సగటును ముందుకు లాగి గీసిన గీతలవి, పేటెంటు గడువులు వాటికి తెలియవు.

రాసేటప్పుడు వరుస ఇది: పరిమాణం, మార్పిడి, ధర, కొత్తవి, చివర్లో మొత్తం శాతం. మొత్తాన్ని ముందు పెడితే చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

ఏడాదికోసారి లెక్క తిరగేయండి. ఏప్రిల్ ఒకటిన ధరల సవరణ రాగానే కూర్చోకండి, షాపుల్లో పాత ధర సరుకు కదలడానికి వారాలు పడుతుంది. జూన్ అంకెలు వచ్చాక మొదలుపెట్టండి.