క్యాంపర్‌లో ఆటోమేటిక్ ప్రొపేన్ చేంజోవర్ రెగ్యులేటర్: బిగించే ముందు, వాడే ముందు జాగ్రత్తలు

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాగే క్యాంపర్, అంటే చక్రాల మీది ఇల్లు) ముందుభాగంలో సాధారణంగా 20 లేదా 30 పౌండ్ల సిలిండర్లు రెండుంటాయి. ఒకటి ఖాళీ కాగానే దానంతటదే రెండోదానికి మారే చేంజోవర్ రెగ్యులేటర్‌ను వాటికి పెడతారు. దాని గురించి:

• ప్రెషర్‌ను రెండు అంచెల్లో తగ్గించే రెండు దశలదే (టూ-స్టేజ్) కొనండి. బయటికొచ్చే ప్రెషర్ 11 అంగుళాల వాటర్ కాలమ్ (గ్యాస్ ప్రెషర్ కొలత) ఉండాలి. హీటర్, గీజర్, స్టవ్, ఫ్రిజ్‌ల బీటీయూలు (వేడి కొలిచే యూనిట్లు) కూడి, అంతకన్నా ఎక్కువ సామర్థ్యమున్నది ఎంచుకోండి. ఇండియా నుంచి తెచ్చిన ఇంటి సిలిండర్ రెగ్యులేటర్ దీనికి అమరదు.

• పని మొదలుపెట్టే ముందు రెండు వాల్వులూ కట్టేయండి, మంటలన్నీ ఆర్పేయండి.

• రెగ్యులేటర్‌కు గాలాడే వెంట్ రంధ్రం నేలవైపు ఉండాలి, పైన కవర్ తప్పనిసరి. నీరో పురుగుల గూడో అడ్డుపడితే ప్రెషర్ అదుపు తప్పుతుంది.

• ఫ్లేర్ జాయింట్లకు (గొట్టం అంచు గరాటులా విచ్చుకుని అతుక్కునేవి) టేప్ చుట్టకండి. పైపు మరలకైతే గ్యాస్‌కు పనికొచ్చే సీలెంటే వాడండి. సిలిండర్ దగ్గరి పెద్ద ప్లాస్టిక్ నట్టు చేత్తో బిగిస్తే చాలు, రెంచి వద్దు.

• వాల్వు మెల్లగా తిప్పండి. గబుక్కున తెరిస్తే అధిక ప్రవాహాన్ని ఆపే లోపలి చెక్ మూసుకుపోయి స్టవ్ నీరసంగా మండుతుంది. చాలామంది రెగ్యులేటర్ పాడైందనుకునేది ఇక్కడే! కట్టేసి, కాసేపాగి మళ్లీ తెరవండి.

• ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు రాయండి. అమోనియా, క్లోరిన్ ఉన్న సబ్బు ఇత్తడిని తినేస్తుంది. బుడగలొస్తే గ్యాస్ లీకవుతున్నట్టే, గ్యాస్ వాడకండి.

• లివర్ బాణం ముందుగా వాడే సిలిండర్‌వైపు. రెండు వాల్వులూ తెరిచుంటేనే మార్పు దానంతటది జరుగుతుంది. సూచిక ఎర్రబడితే లివర్‌ను నిండుదానివైపు తిప్పి, ఖాళీదాని వాల్వు కట్టేశాకే విప్పండి. ఎరుపు చూడకపోతే రెండోది కూడా మీకు తెలియకుండానే అయిపోవచ్చు.