పాత వ్యాన్ చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి

వ్యాపారానికి సెకండ్ హ్యాండ్ వ్యాన్ చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే స్టార్టింగ్ ట్రబుల్ దాచడానికి ముందే నడిపి ఉండొచ్చు. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత మెల్లగా తీసి చూడండి, గుప్పుగుప్పున పొగ కొడితే ఇంజన్ లోపలి పిస్టన్ రింగులు అరిగాయేమో అని అనుమానించాల్సిందే. తర్వాత కిందికి వంగి కమాన్ పట్టీలు (బరువు మోసే లీఫ్ స్ప్రింగులు) చూడండి. హైదరాబాద్ బేగంబజార్ హోల్‌సేల్ సరుకు ఓవర్‌లోడ్‌తో మోసిన బండి అక్కడే దొరికిపోతుంది, పట్టీలు చదునైపోయి బండి ఒకవైపుకు ఒరిగి ఉంటుంది. పెయింట్‌దేముంది, ఎవరైనా కొత్తగా వేయిస్తారు.

ఎంపరివాహన్ అనే సర్కారు యాప్‌లో బండి నంబర్ కొడితే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలుస్తుంది. కమర్షియల్ బండికి 8 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, ఆ ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి. బండి మీద ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిపోయిందని ఫైనాన్స్ వాళ్లు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో పాత చలాన్లు కూడా చూసుకోండి, అమ్మేవాళ్లు వాటి సంగతి వాళ్లంతట వాళ్లు ఎత్తరు.